రెండు కొరియాలు ఒకటవడం అంత కష్టమా? విడిపోయిన దేశాల పునరేకీకరణలో అసలు చిక్కులు

2023 డిసెంబరు చివర్లో జరిగిన పార్టీ సమావేశంలో ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్, దక్షిణ కొరియాతో ఏకీకరణ ఇక జరిగే పని కాదని తేల్చి చెప్పారు. ఉభయ కొరియాల మధ్య ఉన్నది ఒకే జాతి బిడ్డల బంధం కాదని, యుద్ధంలో ఉన్న రెండు శత్రు దేశాల సంబంధమని ఆయన ప్రకటించారు. మరుసటి నెలలోనే ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ శివార్లలోని పునరేకీకరణ తోరణం కనుమరుగైంది. సంప్రదాయ దుస్తులు ధరించిన ఇద్దరు స్త్రీలు రోడ్డుకు ఇరువైపుల నుంచి ముందుకు వంగి, అఖండ కొరియా పటాన్ని కలిసి ఎత్తి పట్టుకున్నట్లుగా 2001లో నిర్మించిన కట్టడం అది. 2024 అక్టోబరులో సరిహద్దు వద్ద దక్షిణాదికి వెళ్లే రోడ్లను, రైలు పట్టాలను కూడా ఉత్తర కొరియా పేల్చివేసింది. అవతలి వైపు, 2025 జూన్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడైన లీ జే మ్యుంగ్ అదే ఏడాది ఆగస్టు 15 ప్రసంగంలో, ఉత్తరాది వ్యవస్థను గౌరవిస్తామని, దానిని తమలో కలిపేసుకునే ఉద్దేశం లేదని చెప్పారు.

ఈ వార్తలు చదివే తెలుగు పాఠకులకు సహజంగానే ఒక ప్రశ్న వస్తుంది. ఒకే భాష, ఒకే చరిత్ర, ఇరువైపులా చుట్టరికాలు ఉన్నప్పుడు కలిసిపోవడానికి అడ్డేమిటి? జర్మనీ కలిసింది కదా, కొరియా ఎందుకు కలవదు? పాలకుల మొండితనమే కారణమనుకుంటే సమాధానం తేలిక. కానీ కలిసిన దేశాలను, కలవబోయి ఆగిపోయిన దేశాలను దగ్గరగా చూస్తే, సరిహద్దు చెరిపిన మర్నాడు ఉద్యోగి జీతం ఏ రేటున మారుతుంది, ఇల్లు ఎవరి పేరున ఉంటుంది, సైనికుడు ఎవరి ఆజ్ఞ వింటాడు అనే ప్రశ్నల దగ్గరే ఏకీకరణ నిలబడడమో కూలిపోవడమో జరిగిందని అర్థమవుతుంది.

రాజకీయంగా విడిపోయిన దేశం అని దేనిని అంటారు

ఒకప్పుడు ఒకే పాలన కింద ఉన్న దేశం యుద్ధం వల్లనో, బయటి శక్తుల నిర్ణయం వల్లనో రెండు ప్రభుత్వాలుగా చీలి, ఆ రెండింట్లో ఒకటైనా మొత్తం దేశానికి తామే అసలైన ప్రతినిధులమని చెప్పుకుంటూ ఉంటే, దానిని రాజకీయంగా విడిపోయిన దేశం అంటారు. ప్రతి విభజనా దీని కిందకు రాదు. భారత్, పాకిస్థాన్ ఒకదాని ఉనికిని మరొకటి గుర్తించిన వేర్వేరు దేశాలు. మన రెండు తెలుగు రాష్ట్రాల విభజన ఒకే రాజ్యాంగం లోపల జరిగిన ఏర్పాటు. చైనా, తైవాన్ల విషయంలో అసలు దానిని పునరేకీకరణ అనవచ్చా అన్నదే వివాదం. బీజింగ్ అలాగే అంటుంది, తైవాన్‌లో చాలామంది ఒప్పుకోరు. అందుకే ఈ వ్యాసంలో దానిని పక్కన పెడుతున్నాను.

కొరియా మాత్రం ఈ నిర్వచనానికి అచ్చంగా సరిపోతుంది. 1910 నుంచి జపాన్ పాలనలో ఉన్న ఆ ద్వీపకల్పాన్ని, 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోతున్న రోజుల్లో అమెరికా, సోవియట్ సైన్యాలు పంచుకున్నాయి. 38వ అక్షాంశం దగ్గర గీత గీయాలని సూచించినవారు వాషింగ్టన్‌లో ఒక రాత్రివేళ మ్యాపు ముందు కూర్చున్న ఇద్దరు అమెరికన్ కర్నల్స్, డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్. ఆ గీత గురించి కొరియన్లను ఎవరూ అడగలేదు. 1948లో ఆగస్టు 15న దక్షిణాన, సెప్టెంబరు 9న ఉత్తరాన రెండు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. 1950 జూన్ 25న మొదలైన యుద్ధం 1953 జూలై 27న విరామ ఒప్పందంతో ఆగింది. విరామ ఒప్పందం కాల్పులను ఆపుతుంది కానీ యుద్ధాన్ని ముగించదు. దానికి శాంతి ఒప్పందం కావాలి. అది నేటికీ జరగలేదు. పైగా నాటి విరామ ఒప్పందం మీద దక్షిణ కొరియా సంతకమే చేయలేదు.

ఈ కథలో మన దేశానికీ పాత్ర ఉంది. యుద్ధఖైదీలలో స్వదేశానికి వెళ్లడానికి నిరాకరించినవారి సంగతి తేల్చే తటస్థ దేశాల కమిషన్‌కు భారత్ అధ్యక్షత వహించింది, జనరల్ తిమ్మయ్య దానికి నాయకత్వం వహించారు. కొరియన్లు, చైనీయులు ఉన్న ఆ ఖైదీలలో 88 మంది ఉత్తరానికీ పోము, దక్షిణానికీ పోము, చైనాకూ తైవాన్‌కూ పోము అని చెప్పి 1954లో భారత సైనికులతో పాటు మన దేశానికి ఓడలో వచ్చారు. రెండు ప్రభుత్వాలలో ఏదో ఒకదానిని ఎంచుకోవలసిందేనని చెప్పినప్పుడు, మూడో దేశాన్ని కోరుకున్న మనుషులు వారు.

కలవడానికి ఇప్పటిదాకా కనిపించిన దారులు

రెండో ప్రపంచయుద్ధం తరువాతి అనుభవంలో నాలుగు దారులు కనిపిస్తాయి. ఒకవైపు వ్యవస్థ కూలిపోయి, ఆ ప్రాంతం రెండోవైపు రాజ్యాంగం కిందకు రావడం మొదటిది, జర్మనీలో జరిగింది ఇదే. ఒకవైపు సైన్యం రెండోవైపును గెలవడం రెండోది. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమై, 1976 జూలైలో వియత్నాం ఒకే దేశంగా ప్రకటితమైంది. ఇద్దరు పాలకులు సమాన భాగస్వాములుగా ఒప్పందం చేసుకోవడం మూడోది, 1990లో యెమెన్ దీనిని ప్రయత్నించింది. ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఒక సమాఖ్యను కట్టుకోవడం నాలుగోది. 2004లో సైప్రస్ ఆ గుమ్మం దాకా వెళ్లి వెనుదిరిగింది.

వియత్నాం దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దేశం ఒకటైంది, కానీ దక్షిణాది సైనికులు, ఉద్యోగులు లక్షల సంఖ్యలో పునర్విద్యా శిబిరాల పాలయ్యారు. లక్షలాది మంది పడవలెక్కి సముద్రం మీద పడ్డారు. ఉత్తరాది ఆర్థిక పద్ధతిని దక్షిణాది మీద రుద్దిన పదేళ్లకు, 1986లో 'దోయ్ మోయ్' పేరుతో ఆ పద్ధతినే సడలించుకోవలసి వచ్చింది. అణ్వాయుధాలున్న కొరియా ద్వీపకల్పంలో ఈ దారిని కోరుకోవడం సర్వనాశనాన్ని కోరుకోవడమే.

జర్మనీ మార్కు లెక్క: ఒకటికి ఒకటి అంటే ఏమైంది

అందరూ ఆదర్శంగా చూపే జర్మనీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బెర్లిన్ గోడ 1989 నవంబరు 9న తెరుచుకుంది. 1990 మార్చి 18న తూర్పు జర్మనీలో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. జూలై 1న పశ్చిమ జర్మనీ మార్కు తూర్పులోనూ చెలామణిలోకి వచ్చింది. అక్టోబరు 3న దేశం ఒకటైంది. గోడ తెరుచుకున్నాక ఏడాది కూడా నిండలేదు.

తూర్పు మార్కును పశ్చిమ మార్కులోకి ఏ రేటున మార్చాలన్నది అప్పటి పెద్ద వివాదం. పశ్చిమ జర్మనీ కేంద్ర బ్యాంకు రెండు తూర్పు మార్కులకు ఒక పశ్చిమ మార్కు ఇవ్వాలని సూచించింది. తూర్పు ప్రజలు వీధుల్లోకి వచ్చారు. మార్కు మా దగ్గరకు రాకపోతే మేమే దాని దగ్గరకు పోతామన్న వారి నినాదం ఉత్తి బెదిరింపు కాదు, అప్పటికే లక్షలమంది పశ్చిమానికి తరలిపోయారు. చివరకు జీతాలను, పింఛన్లను ఒకటికి ఒకటి చొప్పున మార్చారు. పొదుపు సొమ్ములో పిల్లలకు 2,000, పెద్దలకు 4,000, అరవై నిండినవారికి 6,000 మార్కుల దాకా ఒకటికి ఒకటి, ఆపైన రెండుకు ఒకటి అని నిర్ణయించారు.

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, పదేళ్ల పాప, అరవై అయిదేళ్ల నాయనమ్మ ఉన్నారు. వారి ఖాతాలన్నింట్లో కలిపి 20,000 తూర్పు మార్కులు ఉన్నాయి. భార్యాభర్తల వాటాగా 8,000, పాప పేర 2,000, నాయనమ్మ పేర 6,000, మొత్తం 16,000 ఒకటికి ఒకటి చొప్పున మారుతాయి. మిగిలిన 4,000 మార్కులకు 2,000 వస్తాయి. చేతికి 18,000 పశ్చిమ మార్కులు అందుతాయి. బజారులో తూర్పు మార్కుకు ఉన్న అసలు విలువతో పోలిస్తే ఆ కుటుంబానికి ఇది పండగే.

ఇప్పుడు అదే ఇంటి యజమాని పనిచేసే ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. ఏకీకరణకు ముందు తూర్పు జర్మనీ తన సరుకును ఎగుమతి చేసి ఒక పశ్చిమ మార్కు సంపాదించడానికి సగటున నాలుగు తూర్పు మార్కులకు పైగా ఖర్చు పెట్టేది. అంటే పశ్చిమంలో 100 మార్కులకు అమ్ముడయ్యే యంత్రభాగం తయారీకి తూర్పులో 400 మార్కులు పట్టేదనుకుందాం. జూలై 1 తెల్లవారేసరికి కూలీ, జీతాలు అంకె మారకుండా పశ్చిమ మార్కుల్లోకి మారిపోయాయి. యంత్రభాగం ధర మాత్రం బజారులో 100 మార్కులే. రాత్రికి రాత్రి ఆ ఫ్యాక్టరీ ప్రతి సరుకు మీదా నష్టపోయే స్థితికి వచ్చింది. దానికి తోడు, మార్కు చేతికందిన జనం పశ్చిమ దేశపు సరుకే కొన్నారు. ఏడాది తిరిగేసరికి తూర్పు పారిశ్రామిక ఉత్పత్తి సగానికి సగం పడిపోయింది. కుటుంబం పొదుపును కాపాడిన రేటే ఆ కుటుంబ పెద్ద ఉద్యోగాన్ని తీసేసింది.

ప్రభుత్వ ఫ్యాక్టరీలను అమ్మడానికి ఏర్పరచిన ట్రాయ్‌హాండ్ సంస్థ చేతికి సుమారు 8,500 సంస్థలు, 40 లక్షల ఉద్యోగులు వచ్చారు. 1994 చివర్లో దాన్ని మూసేనాటికి లాభం మాట అటుంచి, 25,000 కోట్ల మార్కులకు పైగా నష్టం మిగిలింది. రేటు తప్పని ఒక వర్గం ఆర్థికవేత్తలు ఇప్పటికీ అంటారు. రెండుకు ఒకటి ఇచ్చి ఉంటే తూర్పు ఖాళీ అయిపోయేదని, ఆ రోజుల్లో వేరే మార్గం లేదని మరో వర్గం అంటుంది. రెండో వాదనే నాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే సరిహద్దు తెరుచుకున్నాక జీతం తక్కువున్న చోట మనుషులను ఆపి ఉంచే శక్తి ఏ ప్రజాస్వామ్య ప్రభుత్వానికీ ఉండదు.

ఫలితం మిశ్రమమనే చెప్పాలి. పింఛనుదారుల బతుకు మెరుగుపడింది, నగరాలు కొత్త రూపు దిద్దుకున్నాయి, తూర్పు, పడమర మహిళల ఆయుర్దాయంలో తేడా దాదాపు చెరిగిపోయింది. కానీ తూర్పులో జీతాలు ఇంకా తక్కువే. తమను రెండో తరగతి పౌరులుగా చూస్తున్నారన్న భావన అక్కడ బలంగా ఉంది. వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ 2024లో తూర్పు రాష్ట్రమైన తురింగియాలో మొదటి స్థానానికి రావడానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా, ఇదీ ఒక కారణం.

ఇల్లు ఎవరిది అనే తగాదా

డబ్బు తరువాత చిక్కు ఆస్తి. ఒక కుటుంబం 1950లలో తూర్పు నుంచి పారిపోయిందనుకుందాం. ప్రభుత్వం ఆ ఇంటిని స్వాధీనం చేసుకుని ఒక నర్సు కుటుంబానికి ఇచ్చింది. ముప్పై అయిదేళ్లుగా ఆ నర్సు అక్కడే ఉండి, పైకప్పు బాగు చేయించి, పిల్లలను పెంచింది. ఏకీకరణ తరువాత పాత యజమాని మనవడు దస్తావేజు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరు దోషి? ఇద్దరూ కారు. నష్టపరిహారం కన్నా ఆస్తిని తిరిగి ఇవ్వడమే ముఖ్యమన్న సూత్రాన్ని జర్మనీ ఎంచుకుంది. ఇరవై లక్షలకు పైగా ఆస్తుల మీద దావాలు పడ్డాయి. హక్కు తేలని స్థలంలో పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ సూత్రాన్ని తరువాత సడలించారు.

కొరియాలో ఈ తగాదా ఇంకా ముదురుతుంది. ఉత్తరాన 1946లోనే భూసంస్కరణ జరిగి భూస్వాముల పొలాలు చేతులు మారాయి, తరువాత అవన్నీ సమష్టి క్షేత్రాలయ్యాయి. దక్షిణాదికి తరలివచ్చిన కుటుంబాల వారసులలో కొందరు ఆ పాత పత్రాలను భద్రంగా దాచుకున్నారు. తిరిగి ఇవ్వాలంటే ఉత్తరాది రైతు కాళ్ల కింద నేల పోతుంది, ఇవ్వకూడదంటే దక్షిణాదిలో ఆస్తిహక్కు మీద ప్రశ్న లేస్తుంది. భూమిని ఉత్తరాదివారికే వదిలి, పాత యజమానులకు నామమాత్రపు పరిహారం ఇవ్వాలన్న అభిప్రాయం వైపు మొగ్గు చూపేవారు పండితులలో చాలామంది ఉన్నారు.

హైదరాబాద్ చరిత్రలో ఈ లెక్కల పోలికలు

రెండు ప్రభుత్వ వ్యవస్థలు ఒకటైనప్పుడు ఏ ప్రశ్నలు వస్తాయో హైదరాబాద్ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. దేశాల పునరేకీకరణతో దీనిని సమానం చేయలేము, స్థాయి వేరు, సందర్భం వేరు. అయినా కరెన్సీ, ఉద్యోగాలు, హామీలు అనే మూడు విషయాల్లో పోలిక ఉపయోగపడుతుంది.

నిజాం రాజ్యానికి హాలీ సిక్కా పేర సొంత కరెన్సీ ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడివారు కల్దార్ అనేవారు. 1948 సెప్టెంబరులో రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక, ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన మార్పు జరిగింది. నెలకు 70 హాలీ రూపాయలు సంపాదించే గుమాస్తా జీతం 60 రూపాయలైందన్న మాట. చాలాకాలంగా బజారులో నడుస్తున్న రేటు కూడా దాదాపు అదే. పైగా హాలీ సిక్కాను ఒక్కరోజులో తీసేయకుండా 1959 దాకా చెల్లనిచ్చారు. జర్మనీ తరహా కుదుపు ఇక్కడ రాకపోవడానికి అసలు విలువకు దగ్గరగా ఉన్న రేటు, నిదానమైన గడువు రెండూ కారణాలే.

ఉద్యోగాల విషయంలో మాత్రం కథ వేరు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయాలన్న షరతు, వీటన్నింటి మీదా నమ్మకంతోనే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ హామీల అమలు మీద వచ్చిన వివాదాలే 1969 తెలంగాణ ఉద్యమానికి, ముల్కీ నిబంధనల మీదే 1972లో జై ఆంధ్ర ఉద్యమానికి దారితీశాయి. అంటే హామీ ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ వేర్వేరు కారణాలతో అసంతృప్తి చెందారు. 2014 జూన్ 2న విడిపోయిన తరువాత కూడా విభజన చట్టం తొమ్మిది, పదో షెడ్యూళ్లలోని ఉమ్మడి సంస్థల ఆస్తుల పంపకం ఏళ్ల తరబడి తెగలేదు. ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీంకోర్టు, ఒకే కేంద్ర ప్రభుత్వం మధ్యవర్తిగా ఉన్నచోటే ఇంత సమయం పట్టిందంటే, ఉమ్మడి న్యాయస్థానం అన్నదే లేని రెండు దేశాల మధ్య హామీని అమలు చేయించేది ఎవరన్న ప్రశ్న ఎంత బరువైనదో ఊహించవచ్చు.

సమానత్వం, సమ్మతి: యెమెన్, సైప్రస్ అనుభవాలు

ఆ ప్రశ్నకు జవాబు దొరకక కూలిపోయింది యెమెన్. 1990 మే 22న ఉత్తర, దక్షిణ యెమెన్లు కలిశాయి. ఉత్తరాది నాయకుడు అలీ అబ్దుల్లా సాలెహ్ అధ్యక్షుడయ్యారు, దక్షిణాది నాయకుడు అలీ సాలిం అల్ బీద్ ఉపాధ్యక్షుడయ్యారు. పదవులు ఇంచుమించు చెరిసగం పంచుకున్నారు. కానీ ఉత్తరాది జనాభా దక్షిణాదికి కొన్ని రెట్లు ఎక్కువ. ఎన్నికలు జరిగితే చెరిసగం నిలవదు, జరపకపోతే ప్రజాస్వామ్యం నిలవదు. 1993 ఎన్నికల తరువాత దక్షిణాది పార్టీ బలం తగ్గింది. అన్నింటికన్నా పెద్ద లోపం, రెండు సైన్యాలను కలపకుండా వేర్వేరు అధికారుల కిందే వదిలేయడం. పార్లమెంటులో తేలని తగాదా 1994 మే నెలలో యుద్ధమై, జూలైలో దక్షిణాది ముఖ్యనగరం ఏడెన్ పతనంతో ముగిసింది. దక్షిణాదిలో విడిపోవాలన్న కోరిక మాత్రం ముగియలేదు.

సైప్రస్‌లో ప్రజల్నే అడిగారు. టర్కీ సైన్యం దిగిన 1974 నుంచి ఉత్తరాన టర్కిష్ సైప్రియట్లు, దక్షిణాన గ్రీక్ సైప్రియట్లుగా చీలి ఉన్న ఆ ద్వీపంలో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరుతో వచ్చిన ప్రణాళిక మీద 2004 ఏప్రిల్ 24న రెండు వైపులా విడివిడిగా ఓటింగు జరిగింది. టర్కిష్ సైప్రియట్లలో దాదాపు 65 శాతం అవునన్నారు. గ్రీక్ సైప్రియట్లలో దాదాపు 76 శాతం కాదన్నారు. వారం రోజుల్లో యూరోపియన్ యూనియన్ సభ్యత్వం ఎలాగూ రాబోతున్నందున, రాజీ పడవలసిన అవసరం గ్రీక్ సైప్రియట్లకు కనిపించలేదని విమర్శకులు అంటారు. టర్కీ సైన్యం ఉపసంహరణకు, పోయిన ఆస్తులకు సరైన భరోసా లేని ప్రణాళికను తిరస్కరించడం న్యాయమేనని వారి పక్షాన మాట్లాడేవారు అంటారు. రెండు వాదనల్లోనూ బలం ఉంది.

కొరియా అంకెలు జర్మనీకి ఎందుకు అందవు

1990లో నలుగురు పశ్చిమ జర్మన్లకు ఒక తూర్పు జర్మన్ ఉండేవారు. తూర్పు తలసరి ఆదాయం పశ్చిమంలో మూడోవంతుకు, సగానికి మధ్య ఉండేదని అంచనాలు. నేడు దక్షిణ కొరియా జనాభా సుమారు 5.17 కోట్లు, ఉత్తర కొరియాది సుమారు 2.6 కోట్లు. అంటే ఇద్దరు దక్షిణాదివారికి ఒక ఉత్తరాదివాసి. తలసరి ఆదాయంలో దక్షిణాది దాదాపు 30 రెట్లు ముందుందని దక్షిణ కొరియా కేంద్ర బ్యాంకు అంచనా.

ఈ తేడాను చిన్న లెక్కతో చూద్దాం. ధనిక ప్రాంతపు వ్యక్తి ఆదాయం రెండు చోట్లా 30 అనుకుందాం. తూర్పు జర్మన్ ఆదాయం 12. దానిని 15కు, అంటే ధనిక ప్రాంతంలో సగానికి తేవాలంటే 3 కావాలి. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ముప్పావు, అంటే ఆదాయంలో రెండున్నర శాతం. ఉత్తర కొరియా వ్యక్తి ఆదాయం 1. దానిని 15కు తేవాలంటే 14 కావాలి. ఇద్దరే పంచుకోవాలి కనుక తలా 7, అంటే ఆదాయంలో దాదాపు నాలుగోవంతు. ఏ ఎన్నికైన ప్రభుత్వమూ ఇంత పన్ను వేసి నిలవలేదు. ఆదాయాలు పెరిగేది పంపకంతో కాదు, పెట్టుబడితో, ఉపాధితో అన్నది నిజమే కనుక ఈ లెక్కను అసలు ఖర్చుగా తీసుకోకూడదు. భారం ఎంత వేరుగా ఉంటుందో చూపడానికే ఇది.

అంకెల్లోకి రాని తేడా మరొకటి ఉంది. తూర్పు జర్మన్లు సాయంత్రం ఇంట్లో పశ్చిమ జర్మనీ టీవీ చూసేవారు, ఉత్తరాలు రాసుకునేవారు, వృద్ధులు అవతలికి వెళ్లి చుట్టాలను చూసి వచ్చేవారు. కొరియాల మధ్య 4 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు 250 కిలోమీటర్ల పొడవు ఉన్న నిస్సైనిక మండలం మీదుగా పోస్టు లేదు, ఫోను లేదు. దక్షిణాది టీవీ సీరియళ్లు చూసినా, పంచినా ఉత్తరాన కఠిన శిక్షలు పడతాయి. ఉత్తరం నుంచి తప్పించుకుని దక్షిణాదికి చేరినవారు ఇప్పటిదాకా సుమారు 34 వేల మంది. వారికి బ్యాంకు ఖాతా తెరవడం నుంచి ఉద్యోగ ఇంటర్వ్యూ దాకా నేర్పడానికి హనావోన్ అనే ప్రభుత్వ కేంద్రంలో పన్నెండు వారాల శిక్షణ ఇస్తారు. అయినా వారిలో చాలామంది తక్కువ జీతాలతో, ఒంటరితనంతో ఇబ్బంది పడుతున్నారు. ఇంత కొద్దిమందినే కలుపుకోవడం ఆ సంపన్న దేశానికి కష్టమవుతోంది.

కేసాంగ్‌లో పన్నెండేళ్లు ఏం జరిగింది

చర్చలు, పత్రాలు కొరియాలో తక్కువేమీ కాదు. బయటి జోక్యం లేకుండా, శాంతియుతంగా, జాతి ఐక్యతతో కలవాలని 1972 జూలై 4నే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. సయోధ్య, ఆపై రెండు రాజ్యాల కూటమి, చివరకు ఒకే రాజ్యం అన్న మూడు దశల ప్రణాళిక దక్షిణాదిది. ఒకే దేశం కింద రెండు ప్రభుత్వాలు, రెండు వ్యవస్థలు ఉండాలని 1980లో నాటి ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సంగ్ ప్రతిపాదించారు. 2000 జూన్‌లో దక్షిణాది అధ్యక్షుడు కిమ్ డే జంగ్, ఉత్తరాది అధినేత కిమ్ జోంగ్ ఇల్ కలిసినప్పుడు ఈ రెండు ప్రతిపాదనల్లోనూ పోలికలున్నాయని పత్రం మీద రాసుకున్నారు.

పత్రాలను దాటి నేల మీద నిలిచిన ప్రయోగం కేసాంగ్ పారిశ్రామిక వాడ. సరిహద్దుకు ఉత్తరాన ఉన్న ఈ వాడలో 2004 చివర్లో ఉత్పత్తి మొదలైంది. దక్షిణాది కంపెనీలు వందకు పైగా వచ్చాయి, ఉత్తరాది కార్మికులు 50 వేలు దాటారు. దుస్తులు, బూట్లు, వంటపాత్రలు, యంత్రభాగాలు తయారయ్యేవి. జీతాలు ఉత్తరాది ప్రభుత్వం ద్వారానే వెళ్లాలి కనుక, యజమానులు కార్మికుల చేతికి నేరుగా డబ్బు ఇవ్వలేకపోయేవారు. అందుకని అదనపు పనికి మెప్పుగా చోకో పై అనే చాక్లెట్ బిస్కెట్లు పంచేవారు. కార్మికులు వాటిని తినకుండా దాచి ఇంటికి తీసుకెళ్లేవారు, ఉత్తరాది బజార్లలో అవి మంచి ధరకు అమ్ముడయ్యేవి. చివరికి ఉత్తరాది అధికారులు వాటిని పంచవద్దన్నారు.

2016 ఫిబ్రవరిలో, ఉత్తర కొరియా అణుపరీక్ష, రాకెట్ ప్రయోగం తరువాత దక్షిణ కొరియా ఈ వాడను మూసేసింది. అక్కడి డాలర్లు ఆయుధాలకే వెళ్లాయన్నది మూసినవారి వాదన. రెండు వైపుల సాధారణ మనుషులు రోజూ పక్కపక్కన పనిచేసిన ఏకైక స్థలాన్ని చేజేతులా పోగొట్టుకున్నామన్నది వ్యతిరేకించినవారి వాదన. డబ్బు ఎటు వెళ్లిందన్న అనుమానాన్ని తోసిపుచ్చలేము. అయినా, ఏకీకరణకు కావలసిన అలవాటు సమావేశ మందిరాల్లో కన్నా ఆ కుట్టుమిషన్ల దగ్గరే ఎక్కువ పెరిగిందని నా అభిప్రాయం. అక్కడ ఏర్పాటైన ఉభయ దేశాల అనుసంధాన కార్యాలయాన్ని 2020 జూన్‌లో ఉత్తర కొరియా పేల్చివేసింది.

పొరుగు దేశాల సమ్మతి ఎందుకు కావాలి

జర్మనీ ఏకీకరణ ఇద్దరి మధ్య ముగిసిన వ్యవహారం కాదు. అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్స్ కూడా సంతకాలు చేసిన 1990 సెప్టెంబరు 12 ఒప్పందంతోనే అది సాధ్యమైంది. పోలండ్ సరిహద్దును శాశ్వతంగా గుర్తిస్తామని, సైన్యాన్ని 3,70,000కు మించనివ్వమని జర్మనీ మాట ఇచ్చింది. సోవియట్ సైనికులను వెనక్కి పంపే ఖర్చూ భరించింది. గోర్బచేవ్ వంటి సోవియట్ నాయకుడు, క్షీణిస్తున్న సోవియట్ యూనియన్ ఒకే సమయంలో కలిసి వచ్చిన అరుదైన సందర్భం అది.

కొరియా చుట్టూ అలాంటి సందర్భం కనిపించదు. దక్షిణాన సుమారు 28,500 మంది అమెరికన్ సైనికులు ఉన్నారు. ఏకమైన కొరియాలో వారు తన సరిహద్దు దాకా వస్తారేమోనన్నది చైనా భయం. 1961 నుంచి ఉత్తర కొరియాతో దానికి రక్షణ ఒప్పందం ఉంది. 2024 జూన్‌లో రష్యా కూడా పరస్పర సైనిక సాయపు ఒప్పందం చేసుకుంది. వీటన్నింటికీ మించి, ఉత్తరాది అణ్వాయుధాలు ఏకమైన దేశం చేతిలో ఉండడాన్ని జపాన్‌తో సహా ఎవరూ అంగీకరించరు. వాటిని వదులుకుంటే తమ పాలనే మిగలదని ప్యాంగ్యాంగ్ నమ్మకం.

దక్షిణాదిలోనే అభిప్రాయాలు ఎలా చీలుతున్నాయి

ఏకీకరణను కోరేవారు ఖర్చు ఒక్కటే లెక్కపెట్టడం తప్పంటారు. విడిగా ఉండడానికీ ఖర్చుంది. భారీ సైనిక వ్యయం, యువకులకు పద్దెనిమిది నెలలు లేదా ఆపైన నిర్బంధ సైనిక సేవ, యుద్ధభయంతో వెనుకాడే పెట్టుబడి ఆ ఖర్చులో భాగాలే. ఉత్తరాన ఖనిజాలున్నాయి, చైనా, రష్యాలకు భూమార్గం ఉంది, 2023లో ఒక్కో స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 0.72కు పడిపోయిన దక్షిణాదికి కావలసిన యువశక్తి ఉంది. అన్నింటికన్నా ముఖ్యం, విడిపోయిన కుటుంబాలు. లక్షా ముప్పై వేలమందికి పైగా తమవారిని చూడాలని దక్షిణాన పేర్లు నమోదు చేసుకుంటే, వారిలో అత్యధికులు ఆ కోరిక తీరకుండానే మరణించారు. ముఖాముఖి కలయికలు చివరిసారిగా జరిగింది 2018 ఆగస్టులో.

దీనికి ఎదురుగా, రెండు దేశాలుగానే శాంతిగా ఉందామన్న వాదన ఇటీవల బలపడింది. మాజీ అధ్యక్షుడు మూన్ జే ఇన్ దగ్గర ముఖ్య కార్యదర్శిగా పనిచేసి, యువకుడిగా ఏకీకరణ ఉద్యమంలో ముందున్న ఇమ్ జోంగ్ సోక్ 2024 సెప్టెంబరులో, ఏకీకరణ మాట పక్కన పెట్టి రెండు దేశాల వాస్తవాన్ని అంగీకరిద్దామని బహిరంగంగా అనడం పెద్ద దుమారం రేపింది. యువతలో ఏకీకరణ తప్పనిసరి అనేవారి వంతు తగ్గుతోందని సర్వేలు చెబుతున్నాయి. ఇళ్ల ధరలు, ఉద్యోగాల పోటీ మధ్య నలుగుతున్న ఇరవై అయిదేళ్ల వ్యక్తికి తాను ఎన్నడూ చూడని బంధువుల కోసం పన్ను కట్టమనడం బరువుగానే ఉంటుంది. దానిని స్వార్థమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

'రెండు దేశాలు' అని ఒప్పుకుంటే పౌరసత్వం ఏమవుతుంది

ఈ చర్చలో చాలామంది దాటేసే చట్టపరమైన ముడి ఒకటుంది. దక్షిణ కొరియా రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం దేశ భూభాగం అంటే మొత్తం కొరియా ద్వీపకల్పం, దాని అనుబంధ దీవులు. నాలుగో అధికరణం శాంతియుత ఏకీకరణను లక్ష్యంగా పెట్టింది. మూడో అధికరణం వల్ల ఉత్తరాన పుట్టినవారు కూడా చట్టం దృష్టిలో దక్షిణ కొరియా పౌరులే. 1996లో అక్కడి సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. 1991 సెప్టెంబరులో రెండు కొరియాలూ వేర్వేరు సభ్యులుగా ఐక్యరాజ్యసమితిలో చేరినా, తమ మధ్య ఉన్నది రెండు దేశాల సంబంధం కాదని, ఏకీకరణ దిశగా సాగే తాత్కాలిక ప్రత్యేక సంబంధమని అదే ఏడాది డిసెంబరు ఒప్పందంలో రాసుకున్నాయి.

కనుక చైనా సరిహద్దు దాటి, మూడో దేశంలోని దక్షిణ కొరియా రాయబార కార్యాలయానికి చేరుకున్న ఉత్తరాది స్త్రీ అక్కడ శరణార్థిగా అర్జీ పెట్టుకోనక్కరలేదు. పుట్టుకతోనే తనకున్న పౌరసత్వాన్ని ఆమె అడుగుతుంది. 2025 జనవరిలో రష్యా తరఫున పోరాడుతూ ఉక్రెయిన్ సైన్యానికి పట్టుబడిన ఇద్దరు ఉత్తర కొరియా సైనికుల విషయంలో దక్షిణ కొరియా ప్రభుత్వం ఇదే వైఖరి తీసుకుంది. వారు రాజ్యాంగం ప్రకారం తమ పౌరులేనని, దక్షిణాదికి వస్తామంటే స్వీకరిస్తామని చెప్పింది. కిమ్ జోంగ్ ఉన్ చెప్పే రెండు దేశాల సూత్రాన్ని శాంతి కోసం దక్షిణాది చట్టంలోకి తీసుకుంటే, మూడో అధికరణాన్ని మార్చవలసి వస్తుంది. అప్పుడు ఆ స్త్రీ, ఆ సైనికులు పరాయి దేశస్థులవుతారు, వారిని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అప్పటి ప్రభుత్వం ఇష్టం. సహజీవనాన్ని సమర్థించేవారు దీనికి ప్రత్యేక చట్టంతో రక్షణ కల్పించవచ్చంటున్నారు. రాజ్యాంగం ఇచ్చిన పౌరసత్వం ఉన్న చోట మామూలు చట్టం ఇచ్చే అనుమతి సరిపోదని వ్యతిరేకులు అంటున్నారు. రాజ్యాంగ సవరణకు పార్లమెంటులో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపై ప్రజాభిప్రాయ సేకరణ కావాలి కనుక, ఈ ప్రశ్న ఎప్పుడు వచ్చినా దక్షిణాది ఓటరు ముందుకే వస్తుంది. ఉత్తరాన ఉన్న 2.6 కోట్ల మందికి మాత్రం ఆ ఓటింగులో చోటు ఉండదు.